అక్వేరియం నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడుతున్నాయి. మూడుసార్లు మొత్తం మార్చినా తేటపడటం లేదు

గౌతమి గట్టు, అమలాపురం – మొదటి రోజు, రాత్రి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి పుట్టినరోజుకు రెండడుగుల గాజు తొట్టె ఒకటి కొన్నాము. దాని పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. లోపల స్పాంజి ఉన్న ఫిల్టరు మోటారు ఒకటి, అడుగున రంగు రాళ్లు, ఆరు గోల్డ్ ఫిష్‌లు ఉన్నాయి. తెచ్చిన రోజునే కుళాయి నీళ్లు నింపి, ఆ సాయంత్రమే చేపలను వదిలాము. నాలుగవ రోజుకు నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడ్డాయి. వెంటనే మొత్తం తోడిపోసి, రాళ్లన్నీ కడిగి, స్పాంజిని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండి, మళ్లీ నింపాను. ఒక రోజు బాగానే ఉన్నది, మర్నాటికి మళ్లీ అంతే. ఇప్పటికి 12 రోజులలో మూడుసార్లు ఇలాగే చేశాను. దుకాణంలో ఇచ్చిన నీలం మందు కూడా చుక్కలు చుక్కలుగా వేశాను.

నిన్న ఉదయం ఒక చేప చనిపోయింది. మా అమ్మాయి బడికి వెళ్లకుండా తొట్టె ముందే కూర్చుండిపోయింది. మిగిలిన ఐదూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పైగా గోదావరికి ఎర్రనీరు వచ్చిన దగ్గరి నుంచి మా కుళాయి నీళ్లలో కూడా కొంచెం మట్టి రంగు కనబడుతోంది. ఈసారి మినరల్ వాటర్ టిన్నులు మూడు కొని నింపేద్దామని ఇంట్లో అంటున్నారు. దయచేసి ఏం చేయాలో చెప్పండి.

ఉండి రైతు (ఉండి గ్రామం) – మొదటి రోజు, రాత్రి

అమలాపురం వారూ, ముందుగా ఈ రాత్రికే ఒక గాలి మోటారు తెచ్చి బుడగలు పెట్టండి. చేప పైకి తేలి నోరు తెరుస్తున్నదంటే నీళ్లలో ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. మా చెరువుల్లో అయితే తెల్లవారుజామున ఇలా కనబడిన క్షణంలోనే ఏరేటర్లు వేస్తాము, తక్కిన విషయాలు తరువాత చూసుకుంటాము. నీళ్ల సంగతికి వస్తే, మేము చెరువులో అమ్మోనియా (చేపల విసర్జన నుంచి వచ్చే విషం) పెరిగితే, దానిని పట్టుకునే జియోలైట్ అనే ఖనిజం చల్లుతాము. మీ దగ్గరలోని ఆక్వా మందుల దుకాణంలో దొరుకుతుంది, ఒక గుప్పెడు వేసి చూడండి.

కాకినాడ గాజుతొట్టె – రెండవ రోజు, ఉదయం

గాలి మోటారు విషయంలో ఉండి వారు చెప్పినది అక్షరాలా నిజం, అది ముందు చేయండి. జియోలైట్ మాత్రం ప్రస్తుతానికి ఆపండి. చెరువుల్లో చల్లేది పొడి కనుక, దానిని గాజు తొట్టెలో వేస్తే ఉన్న తెలుపుకు మరో తెలుపు తోడవుతుంది.

నేను 17 ఏళ్లుగా తొట్టెలు పెంచుతున్నాను. మొదటి రెండేళ్లూ మీరు చేసిన పనే చేసి, చాలా చేపలను పోగొట్టుకున్నాను. అందువల్ల బతిమాలి చెబుతున్నాను: నాలుగోసారి మొత్తం నీళ్లు మార్చకండి. నీళ్లు మబ్బుగా ఉండడానికి కారణం ఒకటే కాదు; కారణాన్ని బట్టి వైద్యం మారుతుంది, ఒకదానికి మందైనది మరొకదానికి విషమవుతుంది. ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. తొట్టెలోని నీళ్లు ఒక గాజు గ్లాసులోకి, కుళాయి నీళ్లు మరొక గాజు గ్లాసులోకి తీసుకొని, వాటిని కదపకుండా వంటింటి గట్టు మీద ఒక రాత్రంతా ఉంచండి. తెల్లవారాక గ్లాసుల వెనుక తెల్ల కాగితం పెట్టి చూసి, అడుగున మడ్డి ఎంత దిగింది, పై నీరు తేటపడిందా లేదా, రంగు ఏమిటి అన్నది రాయండి.

పాలకొల్లు విశ్రాంత ఉపాధ్యాయుడు – రెండవ రోజు, మధ్యాహ్నం

కుళాయి నీళ్లలో మట్టి రంగు ఉన్నదన్న మాట మీద నాలుగు ముక్కలు రాస్తాను. నేను రసాయన శాస్త్రం బోధించినవాడిని. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన డెల్టా ఊళ్లలో అధిక భాగం తాగుతున్నది కాలువ నీరే కనుక, ఆషాఢ శ్రావణాలలో ఎర్రనీరు రావడం మనకు కొత్త కాదు. ఆ రంగు బంకమట్టి రేణువులది. అవి ఎంత సన్ననివంటే వాటంతట అవి దిగడానికి రోజులు పడుతుంది. పైగా వాటన్నిటి మీదా రుణావేశం ఉండడం వలన ఒకదానినొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చంపి, రేణువులను ముద్దలు కట్టించి, కిందికి దించుతుంది. మా నాయనమ్మ పటిక లేనప్పుడు చిల్లగింజను బిందె లోపలి గోడకు రుద్ది నీళ్లు పోసేది. తెల్లవారేసరికి బిందె అడుగున వేలి మందాన ఎర్రటి మడ్డి, పైన అద్దంలాంటి నీళ్లు ఉండేవి.

అయితే పటికను చేపలున్న తొట్టెలో వేయవద్దు. అది నీటిలోని క్షారతను, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని, తింటుంది; లీటరుకు 1 మిల్లీగ్రాము పటిక వేస్తే సుమారు అర మిల్లీగ్రాము క్షారత ఖర్చవుతుంది. క్షారత తగ్గిన నీటిలో పీహెచ్ పడిపోతుంది, అంటే నీరు ఆమ్లం వైపు మళ్లుతుంది, అప్పుడు కరిగిన అల్యూమినియం చేపల మొప్పలను దెబ్బ తీస్తుంది. వేయదలచుకుంటే విడిగా 20 లీటర్ల బకెట్టులో అర గ్రాముకు మించకుండా కలిపి, రాత్రంతా ఉంచి, పై నీటిని మాత్రమే గొట్టంతో లాగి వాడండి.

గౌతమి గట్టు, అమలాపురం – మూడవ రోజు, ఉదయం

గాలి మోటారు పెట్టిన గంటన్నరకే చేపలు కిందికి దిగాయి. ఉండి వారికి ఎంతో రుణపడి ఉన్నాను.

గ్లాసుల సంగతి ఇది. కుళాయి నీళ్ల గ్లాసులో అడుగున గోరు మందాన కూడా లేని లేత ఎరుపు పొర పడింది, పై నీరు దాదాపు తేటగా ఉన్నది. తొట్టె నీళ్ల గ్లాసులోనూ అటువంటి పొరే పడింది కానీ, పై నీరు మాత్రం పాలు రెండు చుక్కలు కలిపినట్లు తెల్లగానే ఉన్నది. తెల్ల కాగితం మీద ఆకుపచ్చ ఛాయ ఏమీ లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొంచెం చెమ్మ వాసన వచ్చింది.

కాకినాడ గాజుతొట్టె – మూడవ రోజు, సాయంత్రం

మీరు అంత శ్రద్ధగా చూసి రాసినందుకు సంతోషం. మీ తొట్టెలో ఒకటి కాదు, రెండు మబ్బులు ఉన్నాయి. దిగిన ఎర్ర పొర గోదావరి ఒండ్రు. దానివల్ల చేపకు పెద్ద ప్రమాదం లేదు. దిగకుండా మిగిలిన తెలుపు బాక్టీరియా. చేపను చంపింది ఆ తెలుపు వెనుక ఉన్న కారణమే.

జరిగినది ఇది. చేపలు విసర్జించిన మలం, అవి తినకుండా వదిలిన మేత కుళ్లి, అమ్మోనియా పుట్టడం మొదలవుతుంది. కుళ్లిన పదార్థాన్ని తినే బాక్టీరియా మన వేడికి గంట లోపలే రెట్టింపవుతుంది కనుక, కోట్ల సంఖ్యలో నీళ్లలో తేలుతూ ఆ తెలుపు రంగును తెస్తుంది, ప్రాణవాయువునూ వాడేస్తుంది. 30 డిగ్రీల నీటిలో ఎంత గాలి కలిపినా ప్రాణవాయువు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది కనుక, మన డెల్టా వేసవిలోనూ, వానాకాలపు ఉక్కలోనూ ఆ కరవు త్వరగా వస్తుంది. మరొక జాతి బాక్టీరియా ఉంటుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గానూ (అదీ విషమే), నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తుంది. తొట్టెను బతికించేది అదే. కానీ అది రెట్టింపు కావడానికి ఇంచుమించు ఒక పగలో ఒక రాత్రో పడుతుంది, తొట్టె నిండా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది నీళ్లలో తేలదు. స్పాంజిని, రాళ్లను, గాజు గోడలను పట్టుకొని ఉంటుంది.

ఇప్పుడు మీరు చేసిన పనిని ఈ వెలుగులో చూడండి. నీళ్లు మార్చిన ప్రతిసారీ తేలే బాక్టీరియా పోయింది, ఒక్క రోజులో తిరిగి వచ్చింది. రాళ్లు కడిగి, స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లలో పిండినప్పుడు మాత్రం, వారం రోజులుగా అప్పుడప్పుడే పాతుకుంటున్న రెండవ జాతి పోయింది, అది వారంలో తిరిగి రాలేదు. నీలం మందు మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది. అది కూడా ఆ మంచి జాతిని దెబ్బతీస్తుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. మురికిగా కనబడితే కడగాలని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు.

ఇకపై స్పాంజిని కుళాయి కింద పెట్టవద్దు. తొట్టెలో నుంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు మెత్తగా పిండి తిరిగి పెట్టండి, అది కూడా నీటి ధార సన్నబడినప్పుడే. ఈ రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి. గోల్డ్ ఫిష్ వారం రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. మూడవ రోజు నుంచి ఒక్క పూట, రెండు నిమిషాలలో తినేయగలిగినంత మాత్రమే వేయండి. కుళాయి నీళ్లను వాడే ముందు బుడగలు పెట్టి 24 గంటలు ఉంచండి, లేదా హైపో (క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్) కలపండి. 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల హైపో సరిపోతుంది. మీ తొట్టెలో 54 లీటర్లు పట్టవచ్చును గానీ రాళ్లు పోగా 45 లీటర్లే ఉంటాయి. కొలతలన్నీ ఆ లెక్కన చూసుకోండి.

ఉండి రైతు – మూడవ రోజు, రాత్రి

కాకినాడ వారి మాటను గౌరవిస్తూనే ఒకటి చెబుతాను. ఊహ మీద వైద్యం వద్దు. మన జిల్లాలలో రొయ్యల రైతుల కోసం ప్రతి చిన్న పట్టణంలోనూ ఆక్వా ల్యాబులు ఉన్నాయి. తొట్టె నీళ్లు లీటరు సీసాలో నింపి, గాలి లేకుండా మూత బిగించి, రెండు గంటల లోపల ఇచ్చి రండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, క్షారత చూసి చెబుతారు. మేము చెరువు నీళ్లకు వారం వారం చేయించే పనే ఇది. జియోలైట్ కూడా పొడి కాకుండా పలుకులు దొరుకుతాయి. గుడ్డ సంచిలో కట్టి ఫిల్టరు ధారలో ఉంచితే నీళ్లు తెల్లబడవు.

పాలకొల్లు విశ్రాంత ఉపాధ్యాయుడు – నాలుగవ రోజు, ఉదయం

మినరల్ వాటర్ టిన్నుల మాట ఎవరూ తేల్చలేదు. వాటిలో ఉన్నది ఆర్వో నీరు; లవణాలు తీసేసిన నీరు. తేటగా కనబడుతుంది, నిజమే. కానీ క్షారత దాదాపు లేని నీరు కనుక, మంచి బాక్టీరియా పుట్టించే ఆమ్లాన్ని తట్టుకోలేక కొద్ది రోజులలో పీహెచ్ కూలిపోతుంది. అప్పుడు ఆ బాక్టీరియా కూడా పని మానేస్తుంది. మా వైపు, నర్సాపురం వైపు బోరు నీరు ఉప్పగా, గట్టిగా ఉంటుంది కాబట్టి అటువంటి వారు సగం బోరు, సగం ఆర్వో కలుపుకోవడంలో అర్థం ఉన్నది. కుళాయిలో కాలువ నీరు వచ్చే మీకు ఆ ఖర్చు అనవసరం.

వశిష్ఠ రేవు, నర్సాపురం – నాలుగవ రోజు, మధ్యాహ్నం

ఇదే చర్చలో నా ప్రశ్న అడగవచ్చునా? మా తొట్టె పాతది, ఏడాదిన్నర అయింది. నీళ్లు తెల్లగా కాదు, పెసర కట్టులా పచ్చగా ఉన్నాయి. చేపలు మాత్రం హుషారుగా ఉన్నాయి. తూర్పు కిటికీ పక్కనే ఉన్నది.

ఉండి రైతు – నాలుగవ రోజు, సాయంత్రం

నర్సాపురం వారూ, ఆ రంగు రావడం కోసం మేము చెరువులో పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి ఎదురు చూస్తాము. చేప పిల్లకు అది మేత. అయితే పగలు ప్రాణవాయువు ఇచ్చే ఆ నాచే రాత్రి దానిని తిరిగి లాక్కుంటుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి చేపలు పైకి తేలుతున్నాయేమో చూడండి. పగటి హుషారును నమ్మవద్దు.

కాకినాడ గాజుతొట్టె – నాలుగవ రోజు, రాత్రి

అది నీటిలో తేలే నాచు. తొట్టెకు నాలుగు వైపులా నల్ల దుప్పటి కప్పి, పైనుంచి కూడా వెలుగు చొరకుండా నాలుగు రోజులు ఉంచండి. గాలి మోటారు మాత్రం ఒక్క నిమిషం కూడా ఆపవద్దు, ఎందుకంటే చచ్చిన నాచు కుళ్లేటప్పుడు ప్రాణవాయువు పడిపోతుంది. తరువాత సగం నీళ్లు మార్చి, తొట్టెను కిటికీ దగ్గర నుంచి జరపండి. జరపకపోతే నెల తిరగకుండా మళ్లీ వస్తుంది. బాదం ఆకులో, కొయ్య ముక్కలో వేసినప్పుడు వచ్చే టీ రంగు మాత్రం దోషం కాదు, దాని జోలికి ఎవరూ పోనవసరం లేదు.

గౌతమి గట్టు, అమలాపురం – ఐదవ రోజు, సాయంత్రం

ఆక్వా ల్యాబుకు వెళ్లి వచ్చాను. సీసా చూసి ‘ఏ చెరువు?’ అని అడిగారు, మా అమ్మాయి ‘మా ఇల్లు’ అని చెప్పింది. కాగితం మీద రాసి ఇచ్చినవి ఇవి: పీహెచ్ 8.2, అమ్మోనియా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రైట్ 0.1, క్షారత 140. మేత ఆపి రెండు రోజులయింది. ఇంట్లో థర్మామీటరు ముంచి చూస్తే నీటి వేడి 30 డిగ్రీలు చూపింది. తెలుపు అలాగే ఉన్నది, కానీ పెరగలేదు.

కాకినాడ గాజుతొట్టె – ఐదవ రోజు, రాత్రి

ఆ కాగితం చేపల బాధను పూర్తిగా చెప్పింది. అమ్మోనియా అంతా ఒకే రూపంలో ఉండదు. విషమైన రూపం ఎంత అన్నది పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అందులో నూటికి ఒక్క పాలు కూడా విషం కాదు. 8.2 దగ్గర నూటికి 11 పాళ్లు దాటుతుంది. మీ 1.5లో అది సుమారు 0.17, మొప్పలకు హాని మొదలయ్యేది 0.02 దగ్గర. ఇంత ఉన్నప్పుడు ‘నీళ్లు ముట్టుకోవద్దు’ అనడం కూడా తప్పే. కనుక నా మొదటి మాటను కొంచెం సవరించుకుంటున్నాను: మొత్తం మార్చవద్దు, కానీ రోజూ 12 లీటర్లు తీసి, క్లోరిన్ పోయిన తేట నీళ్లు 12 లీటర్లు, అదే వేడిలో, నెమ్మదిగా పోయండి. ఇలా వారం చేయండి. స్పాంజిని, రాళ్లను తాకవద్దు.

ఉండి వారు చెప్పిన జియోలైట్ పలుకులు ఇప్పుడు వేయవచ్చును. ఒక హెచ్చరిక మాత్రం ఉన్నది. నైట్రైట్ పెరిగితే లీటరుకు 1 గ్రాము రాళ్ల ఉప్పు వేస్తాము, ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను మొప్పల దగ్గర అడ్డుకుంటుంది. కానీ ఉప్పు తగిలితే జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాను తిరిగి వదిలేస్తుంది. రెండూ ఒకే తొట్టెలో ఉండకూడదు. ఉప్పు వేసే రోజు సంచి బయటికి తీయండి.

ఇంకొకటి, చెప్పడానికి నాకే కష్టంగా ఉన్నది: 45 లీటర్లలో ఐదు గోల్డ్ ఫిష్‌లు ఎక్కువ. అవి అరచేయంత పెరుగుతాయి. తొట్టె తేరుకున్న తరువాత రెండింటిని ఉంచుకొని మిగిలిన వాటిని పెద్ద తొట్టె ఉన్నవారికి ఇవ్వండి.

గోదారి వంతెన, రావులపాలెం – ఆరవ రోజు, ఉదయం

ఇన్ని రోజులుగా చదువుతున్నాను గానీ రాయలేదు. మా ఇంట్లో మూడేళ్లుగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఉన్నది, ఏడాదిగా కొత్త చేపను వేయలేదు కనుక రోగం భయం లేదు. దాని ఫిల్టరులో రెండు స్పాంజిలు ఉన్నాయి, ఒకటి మీకు ఇస్తాను. చేత్తో పిండితే గోధుమ రంగు మడ్డి వస్తుంది, దానిని మురికి అనుకోవద్దండి, మీకు కావలసిన బాక్టీరియా అందులోనే ఉన్నది. కొత్తపేట మీదుగా బస్సులో గంట ప్రయాణం. నేను రేపు అమలాపురం పని మీద వస్తున్నాను. టిఫిన్ క్యారియర్ గిన్నెలో మా తొట్టె నీళ్లు సగం వరకు పోసి, అందులో స్పాంజి ముంచి తెస్తాను. నిండా పోస్తే లోపల గాలి ఉండదు.

గౌతమి గట్టు, అమలాపురం – ఎనిమిదవ రోజు, రాత్రి

రావులపాలెం వారు నిన్న వచ్చారు. గిన్నె మూత తీయగానే మట్టి వాసన వచ్చింది, వాన పడిన చేను వాసనలాంటిది. మా తొట్టె వాసనకూ దానికీ పోలికే లేదు. స్పాంజిని మా ఫిల్టరు పెట్టెలో మా స్పాంజికి ముందు అమర్చారు. కాఫీ కూడా తాగకుండా బస్సు వేళయిందని వెళ్లిపోయారు. రాత్రి రెండు గంటలు కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి మోటారు పెట్టాము.

గౌతమి గట్టు, అమలాపురం – పదిహేడవ రోజు, రాత్రి

ఈ తొమ్మిది రోజులూ రాయకపోవడానికి కారణం, చెప్పడానికి ఏమీ లేకపోవడమే. రోజూ 12 లీటర్లు తీయడం, పోయడం. పదకొండవ రోజున తెలుపు పలచబడింది. పన్నెండవ రోజు ఉదయం తొట్టె వెనుక గోడకు అంటించిన క్యాలెండరులో తిథులు చదవగలిగాము. ల్యాబులో రెండవసారి చూపించాను: అమ్మోనియా 0.1, నైట్రైట్ 0.8, పీహెచ్ 7.9. నైట్రైట్ పెరిగిందని జియోలైట్ సంచి తీసివేసి 45 గ్రాముల రాళ్ల ఉప్పును బకెట్టు నీళ్లలో కరిగించి మూడు దఫాలుగా పోశాను. ఈరోజు మూడవ పరీక్ష: అమ్మోనియా లేదు, నైట్రైట్ 0.2. చేపలు ఐదూ బతికే ఉన్నాయి. వర్షాకాలం అయ్యేదాకా కుళాయి నీళ్లను డ్రమ్ములో రెండు రోజులు నిలవబెట్టి, పై నీటినే వాడుతున్నాను.

నర్సాపురం వారు నిన్న నాకు సందేశం పంపారు. వారి తమ్ముడు కొత్త తొట్టె పెడుతున్నారట. రావులపాలెం వారు నాకు ఇచ్చినట్లే నేను కూడా స్పాంజి సగం కోసి ఇవ్వవచ్చునా?

కాకినాడ గాజుతొట్టె – పద్దెనిమిదవ రోజు, ఉదయం

ఇప్పుడే కోయవద్దు. నైట్రైట్ పూర్తిగా పోయి, మూడు వారాల పాటు నీళ్లు మార్చిన రోజున కూడా అది కనబడకుండా ఉంటే, అప్పుడు మీ సొంత స్పాంజిలో సగం ఇవ్వండి. రావులపాలెం స్పాంజిని మాత్రం కదపవద్దు. ఈలోగా నర్సాపురం వారి తమ్ముడిని నీళ్లు నింపి, మోటారు నడుపుతూ, చేపలు లేకుండా ఉంచమనండి.

గోదారి వంతెన, రావులపాలెం – పద్దెనిమిదవ రోజు, మధ్యాహ్నం

వారికి అంత తొందరగా ఉంటే నా దగ్గర రెండవ స్పాంజి పక్కన పెట్టిన కొత్త ముక్క ఈ పది రోజులలో బాగానే పట్టింది. ఆదివారం నర్సాపురం వరకు నేనే తెస్తాను. అమలాపురం వారూ, ఆ గిన్నె దారిలో తీసుకుంటాను, కడగకుండా ఉంచండి. సబ్బు అంటితే దానిలో మళ్లీ స్పాంజి పెట్టడానికి పనికిరాదు.